అత్తగారు అడిగిన ప్రశ్న

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడలేదు. అసలు తంటా అక్కడే వచ్చింది. ఆడి ఉంటే ఏదో ఒకరోజు పట్టుకుని, అరిచి, ఏడ్చి, ముగ్గురం ఒక కొలిక్కి వచ్చేవాళ్లం. నిజమే మాట్లాడే మనుషులతో ఆ సౌకర్యం ఉండదు.

మా అమ్మ బస్సు డ్రైవరు. డిపో నుంచి కొండమీది ఊరిదాకా వెళ్లి తిరిగొచ్చే బండి ఆమెది. ఆ మలుపుల దారి ఆడమనిషికి ఇవ్వం అంటే, పై అధికారుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి మరీ సాధించుకుంది. నాన్న దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, ఇస్త్రీ పెట్టె, ఆయన. వంట కూడా ఆయనే చేస్తాడు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నాన్న నోట్లో గుండుసూదులు తప్ప మాటలుండవు. నేను ఇద్దరిలో ఎవరి పోలికో నా కేకలు విన్న ఇరుగుపొరుగుకి తెలుసు.

నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. ‘ఇది అయితే అది’ అని వందలకొద్దీ నియమాలు రాసి యంత్రానికి ఇస్తాం. తనకి తెలిసిన సంగతుల నుంచి అది మెట్టు మెట్టుగా ఒక నిర్ణయానికి వస్తుంది. ఎందుకు అని అడిగితే, ఏ మెట్టు మీంచి ఏ మెట్టుకి వచ్చిందో చెప్తుంది. ఇది పాత పద్ధతే. కొత్తరకం యంత్రాలు ఎన్ని వచ్చినా, ఎందుకు అంటే ఇలా నిలబడి జవాబు చెప్పే యంత్రమంటేనే నాకు ఇష్టం. మా గైడుగారు ప్రతి మాటా ‘ఒకవేళ’ అంటూ మొదలుపెడతారు కాబట్టి ల్యాబులో అందరం ఆయన్ని ఒకవేళగారు అనేవాళ్లం, ఆయన వెనక. మొదటి పాఠం రోజున బోర్డు మీద ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని రాశారు. “ఇదీ నియమమే. ఒకవేళ నిప్పు లేకుండా పొగ వచ్చిందనుకోండి, మీ యంత్రం ఏం చేస్తుంది? అది తేల్చిన రోజు మీకు డాక్టరేటు” అన్నారు.

నా యంత్రాన్ని పరీక్షకి పెట్టింది అమ్మ డిపోలోనే. పొద్దున బండి తీసే ముందు డ్రైవర్లు కార్డు చూపిస్తారు. ఎంత విశ్రాంతి దొరికింది, కంటి పరీక్ష ఎప్పుడైంది, ఏ జబ్బులకి సెలవు పెట్టారు, ఇలా ఉన్న దాఖలాలన్నీ చూసి తెర మీద ‘బండి ఇవ్వవచ్చు’ అనో ‘బండి ఇవ్వరాదు’ అనో తీర్పు వస్తుంది. పక్కనే ‘ఎందుకు’ అని ఒక మీట. డ్రైవర్లు దానికి అత్తగారు అని పేరు పెట్టారు. తప్పు పట్టడమే కాకుండా కారణం కూడా ఏకరువు పెడుతుంది, అత్తగారు కాక మరేంటి అని వాళ్ల వాదన. “ఏంటన్నా, అత్తగారు ఒప్పుకుందా?” అని ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటూ బండ్లెక్కేవాళ్లు. వేసవి చివర్లో రవాణాశాఖ వాళ్లు వచ్చి చూడాలి. వాళ్లకి నచ్చితే నా థీసిస్ గట్టెక్కినట్టే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, అమ్మ సెలవు నాడు, ఇద్దరం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం.

“ఏదో మాడుతోంది. మీ నాన్న ఇస్త్రీ పెట్టె కట్టేశాడో లేదో అడుగు” అంది అమ్మ.

పిట్టగోడ మీంచి వంగి అడిగాను. “అసలు దాని తీగే ప్లగ్గులో లేదు” అని కింది నుంచి నాన్న గొంతు వచ్చింది.

అదే చెప్దామని తిరిగాను. క్లిప్పు పట్టుకున్న అమ్మ చెయ్యి బట్టల తీగ మీదే ఆగిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. “అమ్మా” అన్నాను. తడి దుప్పటితో సహా నేల మీద పడిపోయింది.

నేను అరిచి ఉంటాను. తల నేలకి కొట్టుకోకుండా చేతులు అడ్డం పెట్టాను. ఆమె వేళ్లు బిగుసుకుపోయి కాసేపు అదిరాయి. నాన్న గబగబా మెట్లెక్కి వచ్చాడు. ఏమైందని అడగలేదు. నేరుగా వచ్చి ఆమెని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు. కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి ఆ నేర్పు ఎక్కడిదో ఆ కంగారులో నాకు తట్టలేదు.

కొంతసేపటికి అమ్మ కళ్లు నా మీద నిలిచాయి. “దుప్పటి మట్టి కొట్టుకుపోయిందా?” అంది.

“దుప్పటి సంగతి తర్వాత. ఎండ దెబ్బేమో, డాక్టరు దగ్గరికి పద.”

“ఇప్పుడు డాక్టరెందుకు? ఈ సెలవుల రద్దీ తగ్గాక వెళ్దాంలే. ఇప్పుడు సెలవడిగితే డ్యూటీలు వేసే మా కంట్రోలరు ఏడుస్తాడు.”

“డిపోలో చెప్పాలి కదమ్మా.”

“ఎవరైనా అడిగితే చెప్తా. నేనెప్పుడైనా అబద్ధమాడానా?”

ఆడలేదు. నా మొదటి వ్యాసం అచ్చయినప్పుడు కూడబలుక్కుని మొత్తం చదివి, ఇది నీకైనా అర్థమైందా అని అడిగిన మనిషి ఆమె.

మర్నాడు ల్యాబులో అమ్మ కార్డు నంబరు కొట్టి చూశాను. బండి ఇవ్వవచ్చు అంది నా యంత్రం. ఎందుకు అన్నాను. వరస చెప్పింది. విశ్రాంతి సరిపోయింది. చూపు బాగుంది. స్పృహ తప్పినట్టు దాఖలా లేదు, కాబట్టి తప్పలేదు. కాబట్టి ఇవ్వవచ్చు.

దాఖలా లేదు కాబట్టి తప్పలేదు. ఆ నియమం నా చేత్తో నేను రాసిందే. మా శాస్త్రంలో అది మామూలు ఏర్పాటు. టైమ్‌టేబుల్లో తొమ్మిదిన్నరకి బస్సు రాసి లేదంటే, ఆ వేళకి బస్సు లేదనే అర్థం. లేని బస్సులన్నీ ఎవరూ విడిగా రాసిపెట్టరు కదా. దాని గురించి నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ రోజు మాత్రం ఆ వరస మళ్లీ మళ్లీ చదివాను.

ఒకవేళగారి గదికి వెళ్లాను. అమ్మ మాట ఎత్తలేదు.

“సార్, ఒంటి సంగతుల్లో ఆ నియమం తీసేద్దాం. దాఖలా లేకపోతే లేదనకుండా, తెలియదు అనుకుందాం. తెలియనప్పుడు మనిషినే అడగాలి.”

“ఒకవేళ తెలియనివన్నీ అడుగుతూ కూర్చుంటే డిపోలో మధ్యాహ్నానికి కూడా ఒక్క బండి కదలదు.”

“అన్నీ వద్దు సార్. ఇదొక్కటి.”

“ఒకవేళ ఇప్పుడు నియమం మారిస్తే, వేసవి మొదటి నుంచి వచ్చిన ఫలితాలన్నీ చెత్తబుట్టలోకే. నీకు మళ్లీ ఇంకో ఏడాది. ఎందుకొచ్చిన అవస్థ?” అని నా మొహంలోకి చూశారు. “ఏమైంది?”

ఏం లేదు అని వచ్చేశాను. అబద్ధమంటే ఆ ఒక్కటీ నేనే ఆడాను. అదీ ఇంట్లో కాదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అమ్మ బండి కొండెక్కే వేళకి నాకు చెయ్యి ఆడేది కాదు. పైకి చేరాక ఫోన్ చెయ్యమనేదాన్ని. మర్చిపోయిన రోజున ఇంటికి రాగానే విరుచుకుపడేదాన్ని. “పసిపిల్లలా బెంగేంటే నీకు” అని ఆమె నా మీద పడేది. డాక్టరు మాటెత్తితే రద్దీ తగ్గనీ అనేది. ఇంట్లో ఇస్త్రీ పెట్టె గొడవ కూడా ఎక్కువైంది. “ఏమండీ, కట్టేశారా? మాడుతోంది” అని అమ్మ వంటింట్లోంచి అడిగేది. పెట్టె చల్లగానే ఉండేది. నాన్న మాత్రం వాదించేవాడు కాదు. పని వదిలేసి వెళ్లి, కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఇంత ముద్దేంటో అనుకుని నేను పక్కకి తప్పుకునేదాన్ని.

ఇక ఉండబట్టలేక ఒకరోజు నేనూ ఆమె బస్సెక్కాను. డ్రైవరు సీటు వెనకే కూర్చున్నాను. అమ్మ అద్దంలో నన్ను చూసింది.

“ఏమే, టికెట్ తీసుకున్నావా?”

“తీసుకున్నా.”

“ఎక్కడిదాకా?”

“నువ్వు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా.”

ఆమె నవ్వలేదు. గేరు వేసింది. బస్సు కిక్కిరిసి ఉంది. సెలవులు కదా, ఎక్కడ చూసినా పిల్లలే. వెనక సీట్లో ఒకావిడ చంటిబిడ్డని ఊపుతూ పక్కావిడతో ఇంటద్దె గురించి మాట్లాడుతోంది. కొండ మొదలయ్యాక ఎడమవైపు నేల కిందికి జారిపోయింది. ప్రతి మలుపు దగ్గరా అమ్మ చేతులు చూస్తున్నాను. ఎంత నిదానం, ఎంత లాఘవం. అంత పెద్ద బండి ఆమె చెప్పినట్టు వింటోంది. అంత భయంలోనూ నాకు గర్వమనిపించింది.

మూడొంతుల దారి ఎక్కాక అమ్మ ముక్కు ఎగబీల్చింది.

“ఏదో మాడుతోంది” అంది.

“బ్రేకులేమో అక్కా” అన్నాడు కండక్టరు, టికెట్లు చింపుతూనే.

నాకు ఏ వాసనా రాలేదు. అమ్మ అప్పటికే బండి నెమ్మది చేసి, రోడ్డు కాస్త వెడల్పయిన చోట పక్కకి తీసి, ఇంజను ఆపి, చేతి బ్రేకు లాగింది. “టైర్లు చూసి రా” అంది. అలవాటైన పనిలా కండక్టరు దిగి వెళ్లాడు.

నేను అద్దంలోకి చూశాను. అమ్మ కళ్లు అద్దంలో నా కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. నన్ను చూడటం లేదు. గేరు రాడ్డు మీద చెయ్యి అలాగే ఉంది, వేళ్లు అదురుతున్నాయి. వెనక చంటిబిడ్డ కేరింతలు కొడుతోంది. “ఏంటయ్యా, టైర్లతో కబుర్లు చెప్తున్నాడా వాడు?” అని ఎవరో అంటే చుట్టూ నవ్వారు. “ఆగవయ్యా, జాగ్రత్తగల మనిషి ఆమె” అని ఇంకొకరు సర్దిచెప్పారు. బస్సు నిండా జనం. ఆ బస్సుకి ఆ కాసేపు డ్రైవరు లేదని నాకు ఒక్కదానికే తెలుసు.

నిప్పు లేకుండా పొగ. మేడ మీద మాడిన వాసన, వంటింట్లో మాడిన వాసన, ఇదిగో ఇక్కడ. ప్రతిసారీ వాసన ముందు, ఆ తర్వాత ఇది. నియమాలు రాసి బతుకుదామనుకున్న దాన్ని, ఇంట్లో కళ్లముందు నడుస్తున్న నియమం పోల్చుకోలేకపోయాను.

అమ్మ రెప్పలు కదిలాయి. నేను లేచి ఆమె భుజం పట్టుకున్నాను. “అమ్మా, దిగు. ఇంక నడపొద్దు.”

“కూర్చో” అంది నాకు మాత్రమే వినిపించేలా. “ఒకసారి వస్తే మళ్లీ ఆ పూట రాదు.”

కండక్టరు ఎక్కి గంట కొట్టాడు. బండి కదిలింది. పైకి చేరేదాకా, తిరిగి కిందికి దిగేదాకా, నా చేతులు సీటు కడ్డీని వదల్లేదు.

ఇంటికి వచ్చాక అమ్మ యూనిఫాం కూడా మార్చుకోకుండా ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. నాన్న మిషను ఆపాడు.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాను.

“చలికాలం నుంచి” అంది అమ్మ.

“నాన్నా, నీకు తెలుసా?”

నాన్న నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. “తెలుసు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు.”

“ఇంట్లో తల్లికి స్పృహ తప్పుతోందా అని ఏ కూతురైనా రోజూ అడుగుతుందా నాన్నా?” గొంతు చించుకుని అరిచాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

“ఆయన్నెందుకు అంటావ్? నేనే వద్దన్నాను” అంది అమ్మ. “చూడు, వాసన రాగానే నేను బండి ఆపేస్తాను. వాసన రాకుండా అది ఏనాడూ రాలేదు.”

“ఒకవేళ రేపు వాసన రాకపోతే?”

“నీ అత్తగారే రోజూ ఒప్పుకుంటోంది. ఇంక నీ బాధేంటి?”

“దానికి తెలియదమ్మా. తెలియక ఒప్పుకుంటోంది.”

అమ్మ కాసేపు తన అరచేతుల్లోకి చూసుకుంది. స్టీరింగు పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన చేతులు. “దింపేస్తే నన్ను ఎక్కడ కూర్చోబెడతారో తెలుసా? బస్సుల్లో మర్చిపోయిన సామాన్ల గదిలో. గొడుగులకి కాపలా. ఆ కొండ తప్ప నాకేం వచ్చు? ఇంకేదీ చేతకాదు, ఇంకేదీ వద్దు కూడా. నన్ను అందులోంచి లాగెయ్యకే.”

అమ్మ నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు. వెనక సీట్లో బిడ్డ కేరింతలూ చెవుల్లోంచి పోవడం లేదు. మింగలేను, కక్కలేను.

“కంట్రోలరుకి చెప్తావా?” అంది.

“నిన్ను పట్టించలేనమ్మా. నా వల్ల కాదు. కానీ రేపు పొద్దున అత్తగారు అడుగుతుంది. అందర్నీ అడుగుతుంది.”

“అందర్నీ అడిగితే సరే” అంది అమ్మ. “నన్నొక్కదాన్నే నిలబెట్టకు.”

అవును అంటానని చెప్పలేదు. కాదంటానని కూడా చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ సాయంత్రమే ల్యాబు మూసే వేళకి ఒకవేళగారిని పట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఒకవేళ ఆమె మీ అమ్మ కాకపోయి ఉంటే నియమం మారుద్దామనేదానివా?”

“ఇంకొకరి అమ్మ అయితే నాకు తెలిసేదే కాదు సార్.”

ఆయన తల ఊపి, కంప్యూటరు ముందున్న కుర్చీ నా వైపు తోశారు. “మార్చు. పాత ఫలితాల సంగతి నేను చూసుకుంటాను. ఒకవేళ మీ అమ్మగారు కాదు అని నొక్కితే?”

“అప్పుడు నేనే కంట్రోలరు దగ్గరికి వెళ్లాలి” అన్నాను. ఆ కుర్చీలో కూర్చుని నియమం మార్చడం మొదలుపెట్టాను.

పొద్దున డిపోలో తెర ముందు డ్రైవర్ల వరస. బయట బస్సుల చుట్టూ పెట్టెలతో జనం. తెర మీద కొత్త ప్రశ్న: ‘ఈ ఏడాదిలో ఎప్పుడైనా, ఎక్కడైనా, కాసేపైనా మీకు స్పృహ తప్పిందా?’ కింద ‘అవును’, ‘కాదు’.

“రద్దీ రోజుల్లో ఈ కొత్త తద్దినమేంటమ్మా” అని కంట్రోలరు నా మీద విసుక్కున్నాడు.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కళ్లూ నా వంక చూసి నొక్కుతున్నారు. “మా ఆవిడని మొదటిసారి చూసినప్పుడు తప్పింది. అది కూడా లెక్కేనా?” అన్నాడు పెద్ద మీసాలాయన. అందరూ నవ్వారు. ఆయన ‘కాదు’ నొక్కి, తాళం తీసుకుని పక్కకి వెళ్లాడు.

అమ్మ వంతు వచ్చింది. నాన్న మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఇచ్చిన యూనిఫాం. కార్డు చూపించింది. ప్రశ్న చదివింది, మళ్లీ చదివింది. నా వైపు చూడలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాదు నొక్కమ్మా అని ఒక మనసు, అవును నొక్కమ్మా అని ఇంకో మనసు. నిజంగా రెండూ అనుకున్నాను.

అమ్మ ‘అవును’ నొక్కింది.

బండి ఇవ్వరాదు, అంది తెర.

“అయ్యయ్యో, వేలు జారిందమ్మా” అంటూ కంట్రోలరు లేచాడు. “ఏం ఫర్వాలేదు, కొట్టేస్తాను. కాదు అని మళ్లీ నొక్కండి. మీ బండి టైమైపోతోంది, జనం ఎక్కేశారు కూడా.”

అమ్మ వేలు మళ్లీ మీటల మీదికి వెళ్లింది. కాసేపు గాల్లో ఆగింది. ‘ఎందుకు’ నొక్కింది. తెర మీద వచ్చిన జవాబు వరసలో అందరికీ వినపడేలా చదివింది.

“స్పృహ తప్పిందని డ్రైవరే చెప్పారు, కాబట్టి.” ఆ తర్వాత కంట్రోలరు వైపు తిరిగింది. “వేలు జారలేదు. వేరే డ్రైవరుని చూడండి. మూడో గేరు కాస్త మొరాయిస్తుంది, బలవంతం చెయ్యొద్దని చెప్పండి.”

బల్ల మీదున్న తన బండి తాళం ముట్టుకోకుండా పక్కకి జరిగింది. గుమ్మం దాకా వెళ్లిన పెద్ద మీసాలాయన తాళం చేత్తో తిప్పుతూ అక్కడే నిలబడిపోయాడు. తర్వాత వెనక్కి వచ్చి నన్నడిగాడు.

“అమ్మాయ్, అత్తగారు మళ్లీ అడుగుతుందా?”

“అడుగుతుంది” అన్నాను.

ఆయన వెళ్లి వరస చివర నిలబడ్డాడు.

ఇంటికి నడుస్తూ అమ్మ మా వీధి మలుపు దగ్గర ఆగింది. “నువ్వు నా పేరు చెప్పి ఉంటే, నేను అందరి ముందూ కాదనేదాన్ని. ఒట్టు” అంది. “అడిగావు కాబట్టి చెప్పాను. నీ మీద కోపం పోతుందని మాత్రం అనుకోకు.”

ఇది మూర్ఛ, లేని వాసన రావడం దాని ముందుగుర్తు అని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. అమ్మని మర్చిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. నా పాత ఫలితాలు పోయాయి, రవాణాశాఖ వాళ్లు వచ్చేది వచ్చే ఏడాదికి మారింది. ఇంట్లో అమ్మ నాతో ఉప్పు ఎక్కడుంది, గొళ్లెం వేశావా అన్నంతవరకే మాట్లాడేది. నేను ఏడిస్తే చూసి ఊరుకునేది.

ఎండలు తగ్గి మొదటి వాన పడిన సాయంత్రం. నాన్న, నేను ముందుగదిలో ఉన్నాం. అమ్మ గుమ్మంలో నిలబడి వాన చూస్తోంది.

“ఏమండీ, ఏదో మాడుతోంది” అంది.

నాన్నా నేనూ ఒక్క ఉదుటున లేచాం. నాన్న కుర్చీ లాగాడు. నేను పరుగెత్తి వెళ్లి, పడిపోతే పట్టుకుందామని ఆమె నడుం చుట్టూ చేతులు వేశాను. మాత్రలు పని చెయ్యలేదనుకున్నాను.

“వదలవే” అంది అమ్మ. “కుర్చీ ఎందుకు నాకు? ఆ చొక్కా చూడండి ముందు.”

వెనక్కి తిరిగి చూశాం. బల్ల మీద ఎవరిదో తెల్లచొక్కా. దాని వీపు మీద ఇస్త్రీ పెట్టె. చుట్టూ పొగ. గదిలో ముగ్గురం ఉన్నాం. పెట్టె వైపు చూసింది అమ్మ ఒక్కతే.

నాన్న తీగ పీకి, చొక్కా ఎత్తి పట్టుకున్నాడు. నడి వీపున పెట్టె ఆకారంలో కన్నం. ఆ కన్నంలోంచి ఆయన మొహం కనిపించేసరికి అమ్మకి నవ్వు ఆగలేదు. ఆ వేసవంతటికీ అదే మొదటి నవ్వు. నవ్వీ నవ్వీ, నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టింది. కొండ దారి పోయినందుకు, తాళం పోయినందుకు, అప్పటిదాకా దాచుకున్నదంతా బయటికి ఏడ్చింది. నేను చేతులు తీయలేదు. ఆమె తోసెయ్యలేదు.

“ఆ కుర్చీ ఇలా జరుపు” అంది చివరికి కళ్లు తుడుచుకుని. జరిపాను. కూర్చుంది.